కుడి చెంప మీది మిరియపు గింజ

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో మనిషికి తన మొహాన్ని మొత్తంగా చూసుకునే యోగం తక్కువ. నారాయణపేటలో మా ఇంటి అద్దం అరచేతికంటే కాస్త పెద్దది. అందులో ఒక విడతకు ఒక చెంపే పట్టేది. రెండోది చూడాలంటే మొదటిదాన్ని వదులుకోవాలి. అందువల్ల ఇరవై దాటేవరకూ నా రెండు చెంపలూ ఒకచోట కలిసి ఉండగా నేను చూడలేదనే చెప్పాలి. (మంగలి దగ్గర పెద్ద అద్దం ఉండేది గాని, గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషి అందచందాల గురించి ఆలోచించడు.) నా కుడి చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ, గడ్డానికి ఎడంపక్క దానికంటే చిన్నది ఇంకొకటి ఉండేవి. రెండూ నాతోపాటే పుట్టాయి, నాతోపాటే పెరిగాయి, ఏనాడూ నన్ను ఏమీ అడగలేదు. అటువంటి వాటిని వెతుక్కుంటూ పోయి మరీ కోయించుకున్నవాణ్ణి నేను. ఇందులో నేను తెలివిగా కనిపించే చోటు ఎక్కడైనా ఉందేమోనని రాయడానికి ముందు ఒకసారి వెతికి చూశాను. లేదు.

మాది మగ్గాల ఇల్లు. బాపు చీరలు నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. నేను మాత్రం హైదరాబాదు పోయి బీయే చదివి, నయాపైసలు ఇంకా కొత్తగా మెరుస్తున్న కాలంలో మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కుదిరాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా అన్నం తింటున్న మొదటి మనిషిని కావడంతో ఇంట్లో నాకు కొంత మర్యాద, ఆ మర్యాదకు రెట్టింపు గర్వం ఉండేవి. దసరా పోయిన కొద్దిరోజులకు చిట్యాల దగ్గరి ఒక ఊళ్లో నాకు పిల్లను చూశారు. వాళ్లూ నేతవాళ్లే. పొద్దున బయలుదేరి, బస్సులు మారి మారి, మాపటికి దుమ్ముతో సహా చేరాము. ఇంత దూరం మళ్లీ మళ్లీ తిరిగి చూసుకోవడాలు ఉండవని పెద్దవాళ్లు ముందే అనుకున్నారు. ఉన్నది ఒక్క చూపు. ఆ ఒక్క చూపుతో ఇద్దరూ బతుకంతా సరిపెట్టుకోవాలి.

పిల్లను తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. నాకు పాపిట, ముక్కుపుడక కనిపించాయి. మిగతాది ఊహించుకోవాలని అర్థమైంది. ఆ ఇంట్లో పెద్దదిక్కు పిల్ల మేనమామ. ఎంత మెల్లగా మాట్లాడినా వాకిట్లోకి వినిపించే గొంతు ఆయనది. "ఒక్కపారి సూడు బిడ్డా. రేపు నాకు సూపియ్యలేదంటె నేను మాట పడ" అన్నాడు. ఆమె తల ఎత్తింది. నా కళ్లవైపు గాని, కష్టపడి దువ్వుకొచ్చిన నా క్రాపువైపు గాని చూడలేదు. తిన్నగా నా కుడి చెంప మీది మచ్చను చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. మళ్లీ తల దించుకుంది. మా పరిచయం అంతటితో పూర్తయింది.

నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాణ్ణి. కళ్లూ ముక్కూ వదిలేసి ఒక మనిషి మచ్చనే పట్టి చూసిందంటే దానికి ఒక్కటే కారణం ఉండాలని, తిరుగు బస్సు ఇంకా నల్గొండ దాటకముందే తేల్చేశాను. పిల్లకు ఇష్టమేనని కబురు వచ్చినా నా నమ్మకం సడలలేదు. అది మేనమామ గొంతు అయి ఉంటుంది, పిల్ల పాపం సర్దుకుపోతున్నది అనుకున్నాను. లగ్నం మాఘంలో పెట్టారు. అప్పటికల్లా ఆమె సర్దుకుపోవలసిన పని లేకుండా చేయాలని నా సంకల్పం. (మంచి ఉద్దేశంతో నేను చేసిన పనులు చాలా తక్కువ. వాటి ఫలితాలు చూశాక ఆ సంఖ్యను పెంచే ప్రయత్నం చేయలేదు.)

ఇంతలో కొత్త కోటు వేసుకుని ఫోటో దిగడానికి పోయాను. ఫోటోగ్రాఫరు, జేబు లోపల పెట్టాలా బయట పెట్టాలా అని దర్జీ అడిగినంత మామూలుగా, "మచ్చలు ఉంచాల్నా సార్, టచింగ్‌ల తీసెయ్యాల్నా?" అని అడిగాడు. తీసెయ్యమన్నాను. చీకటి గదిలో పెన్సిలుతో ఏం మాయ చేశాడో గాని, నాలుగు రోజుల తర్వాత ఇచ్చిన ఫోటోలో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నాకంటే ఒకటి రెండు హోదాలు పైన ఉండదగినవాడు. చెంపలు కొత్తగా అలికిన గోడలా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ మనిషికీ నాకూ మధ్య రెండు గింజలే అడ్డమా అనిపించింది. ఆ ఆదివారమే డాక్టరు దగ్గరికి పోయాను.

ఆయన పటాలంలో పనిచేసి వచ్చినవాడు. తెగిపోయిన కాళ్లూ చేతులూ చూసిన మనిషి ముందు నా రెండు మచ్చలు పెట్టుకుని కూర్చోవడం నాకే కొంచెం మొహమాటమనిపించింది. నొప్పి ఉందా అన్నాడు. లేదన్నాను. పెరుగుతున్నాయా, నెత్తురు కారుతున్నదా అన్నాడు. లేదన్నాను. "అయితే పెండ్లి" అన్నాడు, రోగం పేరు చెప్పినట్టు. తర్వాత నా గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "జర సోంచాయించుకో, మంచిగ ఆలోచన చెయ్. కొందరి తోలు ఊకోదు. కోసిన కాడ ఉబ్బుతది. నీదెసొంటిదో కోసినంకగాని నాకు తెల్వది" అన్నాడు. ఇంతకంటే నిజాయితీగా ఎవరూ ఎవరికీ చెప్పలేరు. నాది మంచి తోలే సార్ అని హామీ ఇచ్చాను. మత్తు సూది గుచ్చాడు. కాంపౌండరు, నేను పారిపోతానన్నట్టు, తలకాయ గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి పింగాణీ పళ్లెంలో నా మచ్చలు రెండూ, పులగంలోంచి ఏరి పక్కన పెట్టిన మిరియాల్లా కనిపించాయి. ఇంటికి తీసుకుపోతావా అని డాక్టరు అడిగాడు. హాస్యమో, పద్ధతి ప్రకారం అడగవలసిన ప్రశ్నో తెలియక వద్దన్నాను. ఇప్పుడైతే తెచ్చుకునేవాణ్ణి.

కుట్లు విప్పాక ఊరికి పోయాను. బాపు మగ్గం దిగి వచ్చి, నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో నా చెంపను బొటనవేలితో తడిమి చూశాడు. బేరగాడు వాపసు తెచ్చిన చీరను కూడా అట్లాగే చూసేవాడు. "అతుకు కనబడుతాంది కొడుకా. పోగు తెగితె మేమూ అతుకుతం. గాని అతికిన జాగ కనబడితె గా చీరె రెండో రకంల పోతది" అన్నాడు. చెంప మీంచి వేలు తీసి, "మంచిగున్న బట్టను ఎవడన్న కోస్తడా?" అని మాత్రం అని, మళ్లీ మగ్గంలోకి దిగాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా మగ్గం చప్పుడు ఆగలేదు. బీయే చదివిన కొడుకు రెండో రకంలోకి పోయాడన్న సంగతి ఆయనకు జీర్ణం కావడానికి కొంత సమయం పట్టి ఉంటుంది.

గడ్డం దగ్గరి గాయం బుద్ధిగా మాని, సన్నని గీతగా మారి, తన దారిన తాను ఉంది. చెంప మీదిది మాత్రం డాక్టరు చెప్పిన తోవ పట్టింది. ముందు ఎర్రబడింది, తర్వాత గట్టిపడింది, పుష్యమాసం చలికి దురద పెడుతూ లేవడం మొదలుపెట్టి, చూస్తుండగా రేగి గింజంత అయింది. మిరియాన్ని ఇచ్చి రేగి గింజను తెచ్చుకున్నానన్నమాట. అమ్మ దాని మీద పసుపు పట్టించింది. గంధం తీసి పూసింది. వెన్న రాసింది. ఎవరో చెప్పారని ఆముదం, ఇంకెవరో చెప్పారని తేనె. ఒక దశలో చీమలు కూడా నా చెంప దాకా వచ్చి పరామర్శించి పోయాయి. గింజ మాత్రం ఎవరి మాటా వినలేదు. లగ్నం దగ్గరపడుతున్నకొద్దీ నాకు రాత్రీ పగలూ ఒకటే భయం. మచ్చ నచ్చని పిల్లకు దీన్ని ఎట్లా చూపించాలి?

పెళ్లినాడు పొద్దున, ఆడపెళ్లివాళ్లు మాకు ఎదురువచ్చే ఎదురుకోళ్లలో, కుంకుమ పెట్టడానికి వచ్చిన మేనమామ నా మొహం ముందు చెయ్యి అట్లాగే ఆపి, కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత బాపును పక్కకు తీసుకుపోయాడు. ఆయన గొంతుకు పక్క అనేది లేదని ముందే చెప్పాను. "బావా, సూపిచ్చిన పిలగాడు వేరు, తెచ్చిన పిలగాడు వేరు. గాయనకు కుడిచెంపకు మచ్చ ఉండె" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఒక పిల్లను చూపించి ఇంకో పిల్లను పీటల మీద కూర్చోబెట్టిన కథలు అప్పట్లో అందరూ విన్నవే. పెళ్లికొడుకును మార్చారన్న అనుమానం మాత్రం రెండు జిల్లాల్లోనూ నాతోనే మొదలై ఉంటుంది.

"మచ్చ కోపిచ్చుకున్నడు" అన్నాడు బాపు.

"ఎందుకు?"

"సదువుకున్నడు."

ఈ జవాబు మేనమామకు కొంతవరకు సబబుగానే తోచినట్టుంది. అయినా పిల్లను ఇచ్చే మనిషి. నా దగ్గరికి వచ్చి, ఆనాడు మా ఇంట్ల ఏం తిన్నవు అని అడిగాడు. గారెలు అన్నాను. గారెలు అందరిండ్లల్ల చేస్తరు, ఎన్ని ఇడిసిపెట్టినవో చెప్పుమన్నాడు. రెండు అన్నాను. ఎందుకు ఇడిసిపెట్టినవు అన్నాడు. అబద్ధం ఆడితే పెళ్లి పోతుంది, నిజం చెబితే మర్యాద పోతుంది. ఉప్పెక్కువైందన్నాను. మేనమామ వెనక్కి తిరిగి, ఆనాడు గారెలు చేసిన తన భార్య మొహం చూశాడు. ఆ మొహంలో సాక్ష్యం దొరికింది. "గీయననే. నడువుండ్రి" అన్నాడు. డప్పులు మళ్లీ మోగాయి. (ఆ పెళ్లిలో నా విస్తట్లో పడిన ఏ వంటలోనూ ఉప్పు లేదు. వడ్డించింది ఆమే.)

అయితే పిలగాడు మారిండన్న మాట అప్పటికే పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది. అది పెళ్లికూతురి చెవిన కూడా పడిందని నాకు తెలియదు. పీటల మీద మా మధ్య తెర పట్టారు. జీలకర్ర బెల్లం పెట్టాము. తెర తీశారు. ఆమె తల ఎత్తి, ఎప్పుడూ గూట్లో ఉండే వస్తువు కోసం చూసినట్టు, తిన్నగా నా కుడి చెంప వైపు చూసింది. అక్కడ ఎర్రగా ఇంకేదో ఉంది. ఆమె కళ్లు నిండాయి. తల్లిగారిల్లు యాదికొస్తాంది పిల్లకు అని ఆడవాళ్లు ఓదార్చారు. నేను మాత్రం, తన కోసం నేను పడిన బాధ ఆమెకు అర్థమై మనసు కరిగిందనుకున్నాను. అనుకుని, బాగున్న చెంప వైపుతో కాస్త నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

మహబూబ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టాము. ఆమె తక్కువ మాట్లాడేది. కొత్త జాగా కదా అనుకున్నాను. ఎండలకు కాస్త అణిగిన చెంప మీది గింజ మరుసటి చలికాలం మళ్లీ లేచింది. డాక్టరు దగ్గరికి పోతే, కోస్తె మల్ల వస్తది, ఇంక పెద్దగ వస్తది, దాని జోలికి పోకు అన్నాడు. దిగులుగా ఇంటికి వచ్చాను. ఆమె గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నది. ఉపకారం చేసినవాడు ఆ సంగతి బయటపెట్టుకునే ధోరణిలో, ఇదంతా నీ కోసమే, చూపులనాడు నువ్వు ఆ మచ్చనే చూశావు గదా, నీకు నచ్చలేదని తీయించుకున్నాను అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "దాన్నే సూసిన. మంచిగనిపిచ్చి సూసిన" అంది.

ఆమె చాటలోకి చూస్తూనే చెప్పింది. "సిగ్గుకు ఇంకేం సూడలె. కండ్లెట్లుంటయో, ముక్కెట్లుంటదో నాకు తెల్వది. గా మచ్చ ఒక్కటే యాదికుండె. అన్ని నెలలు కండెలు సుట్టుకుంట, గా మచ్చ సుట్టు నేనే ఒక మొకం అల్లుకున్న."

"తెర తీసినప్పుడు?"

"ఎవలనో సేసుకున్ననేమో అనిపిచ్చింది." ఒక రాయి ఏరి పక్కన పడేసి, "ఇప్పుడు అలవాటయిందిలే" అంది.

ఎక్కడ నలుగురు కూర్చున్నా ఏదో ఒకటి అని నవ్వించేవాడినని ఆఫీసులో నాకు పేరు. ఆ సాయంత్రం మాత్రం చాట ముందు కూర్చుని ఆమెతోపాటు రాళ్లు ఏరాను. దూరాన ఒక ఊళ్లో, కండెలు చుట్టుకుంటూ ఒక ఆడపిల్ల, ఒక్క మచ్చను ఆధారం చేసుకుని నా మొహాన్ని తయారు చేసుకుంటుంటే, సరిగ్గా అదే రోజుల్లో ఆ ఆధారాన్ని నేను పింగాణీ పళ్లెంలో వదిలి వచ్చాను. ఆమె అల్లుకున్న ఆ మొహం ఎట్లా ఉండేదో ఎన్నోసార్లు అడిగాను. ఎప్పుడూ చెప్పలేదు. బాగుండేదని మాత్రం ఒకసారి ఒప్పుకుంది.

ఇప్పుడు ఇద్దరమూ ముసలివాళ్లమయ్యాము. రేగి గింజ కూడా వయసు మీద పడి మెత్తబడింది, రంగు తగ్గింది. ఈమధ్య మాత్రం నా మొహం మీద కొత్తగా నల్ల మచ్చలు పుట్టుకొస్తున్నాయి. ఈ వయసులో మామూలేనట. కణత మీద ఒకటి, చెవి దగ్గర ఒకటి, నుదుటి మీద చిన్నవి. స్నానం చేసి వచ్చి కూర్చుంటే మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, నన్ను వెలుతురు వైపు తిప్పి, కొత్తగా ఏమైనా వచ్చాయేమో చూస్తుంది. కుడి చెంప మీద వచ్చిందా అని అడుగుతాను. "గా జాగల రాలే" అంటుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "తొందరేమున్నది, సూద్దాం" అంటుంది. అప్పటి ఫోటోలోని ఆ కోటు కుర్రవాడు వింటే నవ్వుతాడేమో గాని, పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు ఆ చోట మాత్రం నేను కత్తి ఆనించను. రాదలుచుకున్నదాన్ని రానియ్యాలి గదా.