సేటు తలపాగాకు కొమ్ములు

ఒక్క వేలు నొక్కితే ఒక సంస్థ కూలిపోతుందంటే మీరు నమ్మకపోవచ్చు. నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ వేలు నాదే. కరీంనగర్‌లో ముచ్చటగా నడుస్తున్న మా కెమెరా క్లబ్బును, కొత్త ఏడాది కార్యక్రమాలు మొదలైన మొదటి వారంలోనే నేను మట్టిలో కలపబోయిన కథ ఇది. విన్నాక మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వనిది నేనొక్కణ్నే.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. నేను ఒక ఆఫీసులో చిన్న గుమాస్తాను. జీతం చిన్నది, జుట్టు పెద్దది, నా గురించి నాకున్న అభిప్రాయం ఆ జుట్టు కంటే పెద్దది.

క్లబ్బు అంటే శాంతాబాయి. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మరాఠీ ఆమె. కమాను దగ్గర భర్త పెట్టిన ఫొటో స్టూడియోను, ఆయన పోయాక మూసెయ్యమని చుట్టాలంతా వచ్చి చెప్పారట. ఆమె వాళ్లందరికీ చాయ్ పోసి, వరసగా నిలబెట్టి ఫొటో తీసి, బస్సెక్కించి పంపింది. మర్నాటి నుంచి స్టూడియో తనే నడిపింది. గోచీ పోసి కట్టిన చీర, చెవి వెనక పెన్సిలు, మనిషిని చూడగానే వెలుతురు ఎటునుంచి పడుతుందో కొలిచే కళ్లు. ఆడమనిషి నల్లగుడ్డ కింద తలపెట్టి ఫొటో తీస్తుందట, చూద్దాం పద అని వచ్చినవాళ్లు, తామే కుర్చీలో కూర్చుని ఫొటో దిగి పోయేవాళ్లు. బిగుసుకుపోయిన పెళ్లికొడుకులతో, "ఊపిరి గంత గట్టిగ పట్టకు బాబా, పాణం పోయినోని ఫొటో లెక్క వస్తది" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వే ఫొటోలో పడేది.

వారమంతా ఆ పనితో బతికే మనిషి, ఆదివారం మాత్రం మాలాంటి వాళ్లకు ఊరికే నేర్పేది. ఎందుకు బాయీ ఇంత శ్రమ అని ఒకసారి అడిగాను.

"మంచి ఫొటో అంటె ఏందో తెలిసినోళ్లు ఊర్ల నలుగురన్న ఉండాలె గద, రాజేశం. లేకుంటె నేను ఎవలికోసం తియ్యాలె?" అన్నది.

వానలు వెనక్కి తగ్గి దసరా దాటగానే మా క్లబ్బుకు కొత్త ఏడు. ఆ సంవత్సరం బాయి చెప్పిన కార్యక్రమం వింటేనే మాకు కడుపు నిండింది. మొదట జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పోవాలి. తర్వాత వేములవాడ యాత్రికులు, ఆ తర్వాత ఆసిఫాబాద్ అడవి. తీసినవి కడిగి, అందరం కూర్చుని ఒకరి తప్పులు ఒకరం పట్టుకోవాలి. ఎండాకాలం ముందు ఊరందరికీ ఫొటోల నుమాయిష్. మా ఊళ్లో అప్పటిదాకా నుమాయిష్ అంటే గాజులు, మిఠాయిలు, రంగులరాట్నం. గోడకు తగిలించిన ఫొటోలు చూడ్డానికి జనం వస్తారా అని ఎవరో గొణిగితే, "రాకుంటె పట్కొస్త" అన్నది బాయి. ఆమె అన్నదంటే తెచ్చేదే.

అయితే దీనికంతా చోటు కావాలి. బాయి స్టూడియోలో చీకటిగది ఎంతంటే, లోపల ఒకరు తుమ్మితే ఇంకొకరు బయటికి రావలసిందే. పక్క సందులో జమ్మికుంట పత్తి వ్యాపారి గంగారాం సేటుకు ఒక ఖాళీ ఇల్లుంది. బాయి పోయి నేరుగా అడిగింది. ముందు మీరేం చేస్తారో చూస్తాను, మా మార్కెట్‌కు రండి, నాదొక మంచి ఫొటో తీయండి, నచ్చితే తాళంచెవి ఇస్తాను అన్నాడట సేటు. అంటే ఆ ఒక్క ఫొటో మీద మా ఏడాదంతా నిలబడి ఉన్నది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

జమ్మికుంట మార్కెట్ ఆ రోజు తెల్లగా మెరిసిపోతున్నది. పత్తి కుప్పలు, బండ్లు, బండ్ల ముందు ఎద్దులు. బాయి తన భర్త వాడిన మడత కెమెరాను నా చేతికిచ్చి, నచ్చింది ఫొటో తీసుకో అన్నది. ఈ కాలం వాళ్లకు ఇక్కడొక ముక్క చెప్పాలి. ఆ కెమెరాలో ఒక ఫొటో తీశాక, పక్కనున్న మరను వేళ్లతో తిప్పి ఫిల్మును ముందుకు జరపాలి. జరపకపోతే కెమెరా మనల్ని ఒక్క మాట అనదు. మళ్లీ నొక్కగానే, పాత బొమ్మ మీదే కొత్త బొమ్మను బుద్ధిగా కూర్చోబెడుతుంది.

నాకు ఒక తెల్ల ఎద్దు నచ్చింది. ఆకాశం పట్టేంత కొమ్ములు. అందరిలా నిలబడి తీస్తే నా గొప్ప ఏముంది? దాని ముందు నేల మీద వెల్లకిలా పడుకుని, కింది నుంచి మొహం నిండుగా తీశాను. లేచేసరికి జుట్టంతా పత్తి. అప్పుడే తల నెరిసిన ముసలివాడిలా తయారై దులుపుకుంటున్నాను. దూరం నుంచి ఇదంతా చూసిన సేటు, పడుకుని ఫొటో తీసేవాడు ఎంత తెలిసినవాడో అనుకున్నాడు కాబోలు, బాయితో, "గా పిలగానితోనే తీపియ్యిండ్రి నాది" అన్నాడు.

నిజానికి ఆ ఫొటో బాయి తీయాలి. ఆ ఇల్లు దక్కాలని అందరికంటే ఎక్కువ ఆశ ఉన్నది ఆమెకే. అయినా ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, తీస్తావా అని అడిగింది. అదెంత పని బాయీ అన్నాను. ఆమె మారుమాట లేకుండా పక్కకు జరిగింది. ఒక శిష్యుణ్ని అంతగా నమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. నమ్మకం పెట్టుకోవడానికి అంత పనికిరాని చోటునూ చూడలేదు.

పరుగెత్తాను. పత్తి కుప్ప ముందు కుర్చీ, కుర్చీలో సేటు, సేటు మీద గులాబిరంగు తలపాగా, మెలితిప్పిన మీసం. గడ్డం కొంచెం పైకెత్తమన్నాను. ఎత్తాడు. నొక్కాను. అంతే, సేటు లేచి పనిలో పడ్డాడు. నేను తిరుగు బస్సులో దారి పొడుగునా, మొహం మీద వెలుతురు ఎలా పట్టాలో తోటివాళ్లకు ఉపన్యాసం ఇచ్చాను.

ఫొటో చూడ్డానికి సేటు కరీంనగర్ వస్తానన్నాడు. ఆయన వచ్చే ముందురోజు బాయికి వేములవాడలో పెళ్లి ఫొటోల పని పడింది. ఫిల్ము కడిగి ప్రింటు వేసి ఉంచమని చెప్పి పోయింది. నాకు తోడు ఖాజా ఉన్నాడు. కమాను దగ్గరే గడియారాలు బాగుచేసేవాడు, క్లబ్బులో నా జోడీ. చీకటిగదిలో ఎర్రబల్బు కింద, మందునీళ్ల పళ్లెంలో కాగితం వేసి ఇద్దరం వంగి చూస్తున్నాం. మెల్లగా బొమ్మ తేలడం మొదలైంది. ముందు కళ్లు వచ్చాయి. సేటుకు రెండు కళ్లని నాకు బాగా గుర్తు. నాలుగు వచ్చాయి.

"ఏంది మియా గిది?" అన్నాడు ఖాజా.

"సేటు."

"సేటు సరే. సేటు మీదికెక్కి చూస్తున్నదెవలు?"

తలపాగాకు రెండు పక్కలా పొగలాగా లేచి, రెండు కొమ్ములు. మీసం నడుమ నుంచి ముక్కుతాడు. అప్పుడు గుర్తొచ్చింది, పత్తి దులుపుకున్న నేను ఫిల్ము తిప్పలేదని. ఉలిక్కిపడి పళ్లేనికి చెయ్యి తగిలిస్తే, మందునీళ్లు సగం నా కాళ్ల మీదే ఒలికాయి.

ఖాజా ధైర్యం చెప్పాడు. "ఫికర్ జెయ్యకు. కొమ్ములే గద, గోకితె పోతయ్. నేను రోజు గడియారంల తుప్పు గోకుతలేనా?"

గడియారాల పనివాడి సన్నటి బ్లేడు, కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చాడు. నెగటివ్ మీద ఆ కొమ్ముల్ని ఎంత శ్రద్ధగా గీకానంటే, ఆ శ్రద్ధలో వెయ్యోవంతు జమ్మికుంటలో చూపించి ఉంటే ఈ కథే లేదు. గీకి, ఊది, తుడిచి, మళ్లీ ప్రింటు వేశాం.

నెగటివ్‌లో నల్లగా ఉన్నదే కాగితం మీద తెల్లగా పడుతుందని, గీకి ఖాళీ చేసిన చోటు కటిక నల్లగా వస్తుందని క్లబ్బులో మొదటి ఆదివారమే నేర్చుకున్నాం. ఇద్దరికీ నోటికి వచ్చు. ఆ గడియలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అంతకుముందు పొగో, మబ్బో అని చెప్పుకోగలిగిన కొమ్ములు, ఇప్పుడు బొగ్గులా, నిగనిగలాడుతూ, పోటుకు సిద్ధంగా లేచాయి. ఖాజా చాలాసేపు చూశాడు. తర్వాత దుకాణంలో పనుందని మెల్లగా జారుకున్నాడు.

పొద్దున బాయి బస్సు దిగి నేరుగా వచ్చింది. ప్రింటు ఆమె చేతిలో పెట్టి, నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె దాన్ని వాకిట్లో వెలుతురుకు తీసుకుపోయి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎద్దును కింద పండుకొని తీసినవా?" అన్నది.

"అవు బాయీ."

"ఎద్దు మంచిగ వచ్చింది." ఇంకాసేపు చూసి, "గోకింది గూడ నువ్వేనా?" అన్నది.

నేనే అన్నాను. ఖాజా పేరు చెప్పలేదు. ఆ వారమంతా నేను చేసిన మంచిపని అదొక్కటే. ఫిల్ముకు వెలుతురు తగిలి పాడైందని సేటుకు చెబుదామని సలహా ఇచ్చాను. బాయి తల అడ్డంగా ఊపింది.

"వెలుతురేం పాపం జేసింది, రాజేశం? నువ్వేం జూపెడితె అది పట్టుకున్నది. ఉన్నదే చెప్దాం. ఇల్లు ఇయ్యకుంటె గీ మూలకే తుమ్మకుంట పని జేసుకుందాం."

అంతలో బయట జట్కా ఆగింది. ఉన్నది చెప్పడానికి బాయి ముందుకు నడిచింది. నేను వెనక్కి నడిచి, రాజమహలు, హంసల చెరువు వేసిన తెర వెనక దాక్కున్నాను. తెర నేలదాకా లేదు. మహలు మెట్ల కింద నా కాళ్లు రెండూ కనిపిస్తూనే ఉన్నాయని తర్వాత తెలిసింది.

సేటు కూర్చున్నాడు. బాయి ఫొటోను దాచలేదు, నాన్చలేదు. ఆయన చేతికిచ్చి చెప్పింది. "సేట్‌జీ, మీ ఫొటో ఖరాబైంది. తీసింది నా దగ్గర నేర్చుకున్న పిలగాడు. వానికి నేర్పింది నేను. తప్పు నాది."

తిట్టి ఉంటే తెర వెనకే సాయంత్రందాకా నిలబడేవాణ్ని. ఆ మాట విన్నాక నిలబడలేకపోయాను. గబుక్కున బయటికి వచ్చాను. నాతో పాటు రాజమహలూ వచ్చింది. తెర కర్ర నా భుజాన పడి, హంసల చెరువు నెత్తిన కప్పుకుని సేటు ముందు నిలబడ్డాను.

"బాయి తప్పేం లేదు సేట్. ఫిల్ము తిప్పకుంట మర్చిపోయింది నేను. కొమ్ములు చెరుపబోయి నల్లగ జేసింది గూడ నేనే."

సేటు నన్ను చూడలేదు. ఫొటోనే చూస్తున్నాడు. మా వేములవాడ, మా ఆసిఫాబాద్, మా నుమాయిష్ అన్నీ ఆయన మీసం చివర వేలాడుతున్నట్టు నాకు అనిపించింది. ఆ మీసం కొంచెం వణికింది.

"పిలగా," అన్నాడు నెమ్మదిగా. "మార్కెట్ల నా వెనక నన్నేమంటరో ఎరికేనా?"

తెలియదన్నాను.

"ఆంబోతు సేటు అంటరు. ఎన్నేండ్ల సంది అంటుండ్రో. నాకు తెల్వదనుకుంటరు. ముంగటికొచ్చి చెప్పే దమ్ము ఒక్కనికి లేకపాయె. నువ్వు ఏకంగ ఫొటో దించి చేతిల వెట్టినవ్."

అని కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. తలపాగా కొసతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అంత పెద్ద మనిషి తన మీద తాను అంత హాయిగా నవ్వుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బాయి ముందు పెట్టాడు. తప్పయిందని మొహం మీద చెప్పేవాళ్లకు ఇల్లిస్తే పాడుచెయ్యరు అన్నాడు. ఇప్పుడైనా ఒక్క ఫొటో మనిషిలా దిగుతానన్నాడు.

బాయి తెరను సరిగా కట్టి, కుర్చీ సర్ది, కెమెరా తెచ్చింది. తెచ్చి నా చేతికిచ్చింది.

ఇచ్చి, ఏమీ జరగనట్టు, చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు జరిగి నిలబడింది. ఫొటోలు తీయడం నాకు చాలామంది నేర్పగలరు. రెండోసారి కెమెరా చేతికివ్వడం మాత్రం ఆమె దగ్గరే చూశాను. ఆ ఫొటో చక్కగా వచ్చింది. భయంతో నేను మరను తిప్పి తిప్పి మిగిలిన ఫిల్మంతా ఖాళీగా చుట్టేశానన్నది వేరే సంగతి.

సేటు జట్కా ఎక్కబోతూ ఆగి, నన్ను దగ్గరికి పిలిచాడు. కొత్త ఫొటో గురించి చెబుతాడనుకున్నాను.

"గా కొమ్ములదాన్ని ఇంకోటి తీసియ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "మా ఇంట్ల ఆమెకు జూపెట్టాలె. లగ్గమైనకాంచి ఆమె గిదే మాటంటుంది. నేనే నమ్ముతలే."

ఆ సాయంత్రం తలంటి పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, తూర్పు ముఖంగా నిలబడి, ఖాజా సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను: ఈ కట్టె కాలేదాకా, ఎద్దులనూ సేట్లనూ ఒకే రోజు ఫొటో తీయను. నేటికీ నిష్ఠగా పాటిస్తున్నాను. పొద్దున్నే ఎద్దు కనబడిందా, ఆ రోజంతా సేట్ల వీధిలో అడుగుపెట్టను.