ఐస్ డబ్బా మోసుకుని చలిలోకి

మొన్న శుక్రవారం స్టోర్ గదిలోంచి పాత ఐస్ డబ్బా బయటికి లాగి మూత తీయగానే, ఏళ్ళ తరబడి మూసుకుపోయిన ప్లాస్టిక్ వాసనా, అడుగున ఎక్కడో ఎండిపోయిన నిమ్మతొక్క వాసనా, ఎంత తోమినా వదలని వంజరం చేప వాసనా కలిసి గుప్పుమన్నాయి. "యాక్ మమ్మీ, అది కార్లో ఎక్కితే నేను దిగిపోతా" అని మా పదహారేళ్ళ అమ్మాయి ముక్కు మూసుకుంది. జెద్దాలో మా ఇంట్లో ఇప్పుడు రోజూ ఇదే రభస. డిసెంబరు సెలవుల్లో ఉత్తరాన ఉన్న ఎడారి రక్షిత వనాలన్నీ కారులో చుట్టి రావాలని నేనంటాను, ఫోటోలు బాగా పడే చోటే ఆగాలని అమ్మాయి అంటుంది, నెట్ రాని చోట అసలు ఆగకూడదని పద్నాలుగేళ్ళ మా అబ్బాయి అంటాడు, మా ఆయన టైర్ల గురించి తప్ప మరో ముక్క మాట్లాడరు. వాళ్ళ గొడవలో వాళ్ళుండగా నేను మాత్రం ఆ డబ్బా మూత పట్టుకుని, ఉన్నచోటునే రాబిగ్ వెళ్ళిపోయాను.

రాబిగ్ ఎర్ర సముద్రం ఒడ్డున నేను పెరిగిన ఊరు. నాన్న అక్కడి రిఫైనరీలో ఫిట్టరు, అమ్మ ఆస్పత్రిలో నర్సు, ఇద్దరిదీ బందరు దగ్గర పల్లెటూరే కాబట్టి ఒక సముద్రం వదిలి ఇంకో సముద్రం దగ్గర కాపురం పెట్టినట్టయింది. ఆగస్టులో పొద్దున్నే తలుపు తీస్తే నాన్న కళ్ళద్దాలు ఆవిరి పట్టి తెల్లబడేవి, తీగ మీద ఆరేసిన స్కూలు చొక్కాలు సాయంత్రానికి కూడా తడితడిగానే ఉండి ఉప్పు వాసన వేసేవి, ఫ్యాను కింద కూర్చుని అన్నం తింటున్నా మెడ మీంచి చెమట కారుతూనే ఉండేది. పొద్దు వాలాక కాలనీ రోడ్డు మీద మలయాళీ పిల్లలూ పాకిస్తానీ పిల్లలూ మేమూ కలిసి, టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి క్రికెట్ ఆడేవాళ్ళం. ఆగివున్న నీళ్ళ ట్యాంకర్ కిందికి బంతి పోతే పాక్కుంటూ వెళ్ళి తెచ్చే పని ఎప్పుడూ నాదే, ఎందుకంటే జట్టులో నేనొక్కదాన్నే ఆడపిల్లని, పైగా పొట్టిదాన్ని.

ఇంట్లో మాత్రం బంతి శబ్దం కాదు కదా, గిన్నె శబ్దం కూడా రాకూడదు. నాన్నదీ షిఫ్టు డ్యూటీ, అమ్మదీ షిఫ్టు డ్యూటీ, ఆయన రాత్రి చేసొస్తే ఆవిడ పగటికి వెళ్ళేది, ఆవిడ వచ్చేసరికి ఆయన నిద్రలేచి బూట్లు వేసుకునేవారు. మా ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రపోతూనే ఉండేవారు కాబట్టి అన్నయ్యా నేనూ గుసగుసల్లో పోట్లాడుకోవడంలో ఆరితేరిపోయాం. నలుగురం కలిసి ఒక పూట కూర్చుని తిన్న రోజులు బాగా గుర్తుపెట్టుకోదగినంత తక్కువ. అక్కడి ఇండియన్ స్కూలు పదో తరగతి వరకే. ఆ ఏడు అన్నయ్యది పది, మార్చిలో పరీక్షలు కాగానే ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టలుకి వెళ్ళిపోవాలి. వాడు వెళ్ళేలోగా ఒక్కసారైనా, డ్యూటీ గోల లేకుండా, నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలని అమ్మ పట్టుబట్టింది. అమ్మ ఏ నగా అడిగిన మనిషి కాదు, ఏ చీరకీ అలిగిన మనిషి కాదు, అడగక అడగక అడిగింది అదొక్కటే.

ఆ ఏడు రంజాన్ పండగ క్రిస్మస్ పక్కనే వచ్చింది. ఆస్పత్రిలో ఒక అలవాటు ఉండేది. ఉపవాస మాసంలో సాయంత్రం డ్యూటీలు మనవాళ్ళూ మలయాళీ నర్సులూ తీసుకుని, ముస్లిం నర్సుల్ని ఇంటికెళ్ళి ఇఫ్తార్ చేసుకోనిచ్చేవారు, బదులుగా పండగ సెలవుల్లో వాళ్ళు వీళ్ళకి సర్దుబాటు చేసేవారు. అమ్మ ఆ నెలంతా వరసగా సాయంత్రాలు చేసింది. ఇంటికొచ్చేటప్పుడు ఆవిడ సంచిలో సహోద్యోగులు పంపిన సమోసాలో, ఖర్జూరాలో, బెల్లం పాకంలా చిక్కగా ఉండే ఏదో మిఠాయో ఉండేది, మేం దాని కోసం మేలుకుని ఉండేవాళ్ళం. క్రిస్మస్ నాడు, అక్కడ బాహాటంగా చేసుకోకూడదు కాబట్టి, మామూలుగానే కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకుని, కజ్జికాయలూ జంతికలూ తిన్నాం. తర్వాత ఆ జంతికల డబ్బా నేరుగా ప్రయాణం మూటల్లోకి వెళ్ళిపోయింది.

ప్రయాణం ఏర్పాట్లకి నాన్న సేనాధిపతి. పెట్రోలు బంకులో కొన్న మ్యాపుని హాల్లో నేల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా మా ఇద్దర్నీ చెరో మూలా కూర్చోబెట్టి, ఆగాల్సిన ప్రతి ఊరి మీదా ఒక్కో కందిపప్పు బద్ద పెట్టేవారు. మదీనా వైపు నుంచి వెళ్తే మాలాంటి ముస్లిములు కానివాళ్ళు నగరంలోకి పోకుండా పక్క దారి పట్టాలి, ఆ మలుపు తప్పిపోతానేమోనని ఆయన బెంగ, అందుకని యాన్బు దాకా సముద్రం పక్కనే వెళ్ళి అక్కడ లోపలికి తిరిగి, అల్ ఉలా రాతికొండలు చూసి, ఆపైన తబూక్ దగ్గర హిస్మా ఎర్ర ఎడారి చూసి రావాలని తేల్చారు. ఆ రోజుల్లో పనిచేసే ఊరు దాటాలంటే కఫీల్, అంటే మనల్ని పనిలో పెట్టుకున్న ఆసామి, కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి, దాని కోసం నాన్న ఆఫీసు గుమ్మం చుట్టూ తిరిగారు. అన్నయ్య మాత్రం మ్యాపు మూల మీద ఏదో శిక్ష పడ్డవాడిలా కూర్చునేవాడు.

"ఎడారిలో ఏముంటదమ్మా, ఇసుకేగా! ఇక్కడ లేదా ఇసుక? నేనుండి చదువుకుంటా, మీరెళ్ళి రండి."

"చదువుతావులే, రోడ్డు మీద బంతితో! నోర్మూసుకుని బట్టలు సర్దుకో" అంది అమ్మ.

అసలు కామెడీ అమ్మ ఏర్పాట్లలో ఉంది. ఎడారి అంటే వేడి, వేడి అంటే వడదెబ్బ, ఆవిడ నర్సు కూడాను. ఐస్ డబ్బా నిండా గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు, కరివేపాకూ అల్లం వేసిన మజ్జిగ, నిమ్మరసం, కోసిన పుచ్చకాయ ముక్కలు. మెడకి చుట్టుకోవడానికి తడి తువ్వాళ్ళు. బందరు నుంచి తెచ్చిన తాటాకు విసనకర్రలు, మనిషికొకటి. కప్పుకోవడానికి పల్చటి నూలు దుప్పట్లు. ఇవి కాక రాళ్ళ ముందు నలుగురం ఫోటో దిగడానికని ఆవిడ పట్టుచీర. ఐస్ డబ్బాని వెనక సీటు మధ్యలో పెట్టారు, అది నాకూ అన్నయ్యకీ మధ్య సరిహద్దు గోడలా కూర్చుంది, అటు వాడి కిటికీ, ఇటు నా కిటికీ, మూత మీద చెయ్యి పెట్టే హక్కు ఎవరిదన్న దాని మీద యాన్బు వచ్చేదాకా యుద్ధం జరిగింది.

అల్ ఉలా చేరేసరికి పొద్దు వాలుతోంది. అంతెత్తు కొండలు ఇటుక రంగులోంచి కుంకుమ రంగులోకి తిరుగుతుంటే, మేం నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఇసుక మీద చాప పరిచి, చల్లటి మజ్జిగ గ్లాసుల్లో పోసుకున్నాం. సగం గ్లాసు తాగామో లేదో సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయాడు, ఎవరో తలుపు తీసినట్టు చలి వచ్చి పడింది. చలంటే మాకు తెలిసిన చలి కాదు. మా రాబిగ్‌లో డిసెంబరైనా ఒక పల్చటి చొక్కాతో గడిచిపోతుంది, మేం ఎడారి దేశంలో ఉన్నామన్న మాటే గానీ మేమున్నది సముద్రం ఒడ్డున. నాకు పళ్ళు టకటకలాడుతున్నాయి. నాన్న కారులో హీటరు వేశారు, ఆ కారు కొన్నప్పటి నుంచీ దానికి పని పడలేదు, అది గుప్పెడు దుమ్మూ మాడు వాసనా మా మొహాల మీద ఊది ఆగిపోయింది.

అప్పుడు అన్నయ్య, వణుక్కుంటూనే, "పగలు వేడి, రాత్రి చలి, ఎడారుల లక్షణాలు, ఐదు మార్కుల ప్రశ్న! మొన్న హాఫ్ ఇయర్లీలో ఫుల్ మార్కులొచ్చాయి నాకు" అన్నాడు.

"ఏడిశావ్! ఆ ముక్క ఇంటి దగ్గర చెప్పొద్దూ?" అన్నారు నాన్న.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అమ్మ ఉన్నట్టుండి తల పట్టుకుని, "ఏవండీ, మంచం కింద దుప్పట్లు!" అంది. సౌదీ నుంచి ఊరికెళ్ళే వాళ్ళెవరైనా పులిబొమ్మ దుప్పటి తీసుకెళ్ళకపోతే చుట్టాలు మొహం చూడరు. మా మంచం కింద పెద్దమ్మకీ, మేనత్తలకీ, బాబాయిలకీ అని, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా, ఒక్కోటి మేకపిల్లంత బరువున్న దుప్పట్లు వరసగా ఉన్నాయి. ఏడాదంతా చెమటలు పట్టే బందరుకి దుప్పట్లు, గడ్డకట్టే ఎడారికి విసనకర్రలు. మొదట అన్నయ్య నవ్వాడు, తర్వాత నేను, తర్వాత అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తెచ్చిన బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగేశాం. నాన్నకి ఏవీ మిగలక అమ్మ పట్టుచీర తలమీంచి కప్పుకుని, జరీ అంచు గడ్డం కింద పట్టుకుని, పెళ్ళికూతురిలా కూర్చున్నారు.

కొంచెం అవతల ఒక సౌదీ కుటుంబం మంట వేసుకుని కూర్చుంది. మా అవతారాలు చూసి ఒక ముసలాయన లేచి, చేతిలో కాఫీ కూజాతో వచ్చాడు. నాన్న పట్టుచీరలోంచి, పళ్ళు కొట్టుకుంటుంటే, ప్లాంటులో నేర్చుకున్న అరబ్బీ అంతా కూడదీసుకుని "మాఫీ ముష్కిలా" అన్నారు, అంటే ఏ ఇబ్బందీ లేదని. ముసలాయన చాప మీది విసనకర్ర ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, మమ్మల్ని వాళ్ళ మంట దగ్గరికి తోలుకెళ్ళాడు. మొగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుని యాలకుల కాఫీ తాగి, ఒళ్ళు వెచ్చబడ్డాక తిరిగి వస్తుంటే, లోపల గొర్రె ఉన్ని కుట్టిన పెద్ద అంగీ ఒకటి, వాళ్ళు ఫర్వా అంటారు, అన్నయ్య భుజాల మీద కప్పి పంపాడాయన. కారులో వాడు దాన్ని నాకివ్వబోతే నేను అప్పటికే నాన్న చీరలో దూరాను. మీసాలు మొలుస్తున్నప్పటి నుంచీ అమ్మ తల నిమరబోతే పక్కకి తప్పుకునే మా అన్నయ్య, ఆ అంగీ తెరిచి అమ్మని లోపలికి రానిచ్చాడు. ఐస్ డబ్బా ముందు సీటుకి పోయింది. నలుగురం ఒకరికొకరు ఆనుకుని, జంతికలు కొరుకుతూ, కిటికీలోంచి అన్ని చుక్కల్ని మొదటిసారి చూశాం. అంత ఇరుకులో అంత సుఖంగా నేను మళ్ళీ కూర్చోలేదు.

తెల్లారాక నాన్న ముక్కు చీదుకుంటూ, ఇంకా పైకి పోతే ఇంకా చలి, పిల్లాడికి పరీక్షలు, ఇంటికి పోదామన్నారు. అమ్మ చాప దులిపి మడతపెట్టింది, విప్పి మళ్ళీ మడతపెట్టింది. నెలంతా చేసిన డ్యూటీలు ఆ మడతల్లో కనిపించాయి నాకు.

"వెనక్కెందుకు నాన్నా? ఈ ఊళ్ళో దుప్పట్లమ్మరా ఏంటి? హిస్మా కూడా చూసేద్దాం" అన్నాడు అన్నయ్య, కారు వైపు చూస్తూ.

నాన్న తాళాలు తీసుకున్నారు. బజారులో దుప్పట్లు కొన్నాం, పులిబొమ్మవే. హిస్మాలో ఎర్ర ఇసుక మీద పొద్దున్నే సీసాలో నీళ్ళు గడ్డకట్టి ఉంటే, ఇంటి నుంచి అంత దూరం ఐసు మోసుకొచ్చినందుకు మళ్ళీ నవ్వుకున్నాం. అమ్మ స్వెటర్ల మీద పట్టుచీర కట్టుకుని నిలబడింది, దారిన పోయే ట్రక్కు డ్రైవరు మా నలుగురికీ ఫోటో తీశాడు.

మార్చిలో అన్నయ్య వెళ్ళిపోయాడు. హాస్టలు, ఇంజనీరింగు, ఆపైన విశాఖలో ఉద్యోగం. అమ్మకి సెలవు దొరికితే నాన్నకి దొరికేది కాదు, ఇద్దరికీ దొరికితే మా పరీక్షలు అడ్డం వచ్చేవి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలిశాం గానీ, మేం నలుగురమే, మా కోసం మేము, అలా మరి కుదరలేదు. అది ఆఖరు అని అమ్మకి అప్పుడే తెలుసు, మాకే తెలియదు. నాన్న పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు ఆ కఫీల్ కాగితం లేదు, అది పోయినందుకు ఎవరూ ఏడవలేదు. ఆడవాళ్ళు స్టీరింగు పట్టకూడదన్న రోజులూ పోయాయి, ఈసారి సగం దారి నేనే నడుపుతాను. మేం చాప పరిచిన వైపు కంచె వేసి జింకల్నీ కొండమేకల్నీ వదిలారట, టికెట్ కొనుక్కుని గైడు వెంట వెళ్ళాలి. మంచిదే, అవి కూడా బతకాలి కదా. కాకపోతే ముక్కూ మొహం తెలియని మనిషి పక్క మంట దగ్గర్నుంచి లేచి వచ్చి మన పిల్లాడి భుజాల మీద తన అంగీ కప్పే వీలు మాత్రం ఆ టికెట్‌లో రాదు.

ఈ డిసెంబరుకి టూరిస్టు వీసా మీద అమ్మని తీసుకుని అన్నయ్య వస్తున్నాడు. మా అమ్మాయి కూడా వచ్చే ఏడు కాలేజీకి ఇండియా వెళ్ళిపోతుంది. అదేమో ఫోన్లో మనిషికో గది చొప్పున వెతుకుతోంది. నిన్న అన్నయ్య ఫోన్ చేసి, వీసా కబుర్లన్నీ అయ్యాక, పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "చిన్నీ, దుప్పట్లు మాత్రం మరీ ఎక్కువ తేమాకే" అన్నాడు. ఫోన్ పెట్టేసి అమ్మాయి దగ్గరికెళ్ళి, గదులన్నీ వదిలేసి అందరికీ కలిపి ఒకటే గుడారం తీసుకోమన్నాను. గొణుక్కుంటూనే తీసుకుంది.