పూలమ్మ ముట్టకూడని ప్లేటు

గోదావరిఖనిలో పూలమ్మ ఇంటి కిటికీ మీద వేలు పెట్టి రాస్తే నల్లగా అంటదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి కూతవేటు దూరంలో ఉన్న కాలనీ అది, చెబితే ఎవరూ నమ్మరు, వచ్చి రాసి చూసుకోవాల్సిందే. గనిలో పనిచేసిన మొగుడు పోశం రిటైరయ్యాడు గానీ ఆమెకు రిటైర్‌మెంటు లేదు. షిఫ్టుకోసారి లెక్కన రోజుకు మూడుసార్లు ఇల్లంతా తడిగుడ్డతో తుడుస్తుంది. కూర్చున్న చుట్టాన్ని లేపి మరీ కుర్చీ తుడిచిన ఘనురాలు.

అలాంటి మహాతల్లి డాబానే ఏరికోరి ఎంచుకుంది యూనివర్సిటీ పిల్ల హర్షిణి. బొగ్గు దుమ్ము పడితే సోలార్ కరెంటు ఎంత తగ్గుతుందన్నది ఆమె పరిశోధన. దీపావళి వెళ్లగానే రెండు ప్లేట్లు బిగించింది. ఒకదాన్ని తనే వారం వారం వచ్చి తుడుస్తుంది. రెండోదాన్ని ఎవరూ తాకకూడదు.

"దీన్ని మాత్రం ముట్టకు పెద్దమ్మ."

"నాకేం పని బిడ్డ," అంది పూలమ్మ.

మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు వడియాల నెపంతో డాబా ఎక్కింది. తన ఇంటి మీద మసి పట్టిన సామానా? చూసినవాళ్లు ఏమనుకుంటారు? చెంగుతో ఒక్కసారి అద్దింది. ఆ ఒక్కసారి రోజూ వచ్చింది.

శివరాత్రికి హర్షిణి మీటరు అంకెలు ముందేసుకుని తల పట్టుకుంది. రెండు ప్లేట్లూ ఒకే తీరుగా కరెంటు ఇస్తున్నాయి. ముట్టని ప్లేటు మీద దుమ్ము కనపడకపోతే చలికాలం మంచుకు కడుక్కుపోతోందనే ఇన్నాళ్లూ అనుకుంది. "దుమ్ముతోటి నష్టమే లేదని రాయాలె పెద్దమ్మ. మా సారు నమ్మడు. ఇంక ఈ ఎండాకాలం దాటితే నా గడువు కూడ అయిపోతది."

పోశం చాయ్ తాగుతూ భార్య వంక చూశాడు. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? పిల్ల సదువు గంగల కలుస్తది."

పూలమ్మ మసి మరకల చెంగు ముందుకు చాపింది. "నేనే తుడిచిన బిడ్డ. రోజూ. ఊకుండ బుద్ధి కాలే."

హర్షిణికి కోపం రావాలి, వచ్చింది కూడా. పోశం ఊరుకుంటేగా. "దుమ్ము తుడిచి నీ కండ్లల్ల దుమ్ము కొట్టింది," అన్నాడు. ఆ పిల్ల ఏడవబోయి నవ్వింది. మీటరు లెక్కను మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది.

అప్పటి నుంచి పూలమ్మ పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. ప్లేటు బూడిద రంగుకు తిరిగింది, తర్వాత నల్లబడింది. అంకెలు పడిపోతున్నాయని హర్షిణి మురిసిపోతుంటే ఈమెకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం పక్కింటి సారవ్వ గుడ్డ పట్టుకుని డాబా మెట్లెక్కబోయింది. "మోకాళ్లు నొస్తున్నయేమో అక్క, ప్లేటు నేను తుడుస్త తియ్యి."

తన ఇంటి మురికి తుడవడానికి ఇంకొకరు రావడం! పూలమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా మెట్లకు అడ్డంగా కూర్చుంది.

"ముట్టకు సారవ్వ. నలభై ఏండ్లు తుడిచి తుడిచి దుమ్మే లేదనిపిచ్చిన. ఎంతున్నదో ఇప్పుడన్న సూడనియ్యి."