చెంప నిమిరే చెయ్యి

బార్సిలోనా రేవులో, ఓడ ఎక్కే ముందు సామాన్ల తనిఖీ వరసలో, మా వదిన నా కొడుకు చెంప నిమిరి రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

ఆమె మా ఆయన అక్క. రాజాంలో బట్టల కొట్టు వాళ్ళింటి కోడలు. ఎవరిచేత పని చేయించుకోవాలన్నా ముందు చెంప నిమురుతుంది. వేసవి సెలవుల్లో మధ్యధరా రేవులు చూద్దామని రెండు కుటుంబాలం కలిసి వెళ్ళాం. ఆమెకు మాత్రం ఓడలో మన అన్నం దొరకదన్నదే బెంగ. కరెంటు వస్తువులు తేకూడదని ఓడవాళ్ళు ముందే చెప్పారు. ఆ ఉదయం నా కొడుకు సంచీ తనే సర్దుతానంటే సాయమనుకున్నాను.

తనిఖీ తెర మీద, వాడి సంచీలో రైస్ కుక్కర్ కనిపించింది. యూనిఫాం మనిషి ఆరేళ్ళవాణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు.

"అమ్మా, నన్ను జైల్లో ఎట్టేస్తారేటి?" అని వాడు అక్కణ్ణుంచే అరిచాడు.

అది ఎవరిదని అడిగితే, వదిన సముద్రం వైపు తిరిగి నిలబడింది. చివరికి కుక్కర్ ఉంచుకుని వాణ్ణి వదిలారు.

ఓడెక్కాక వదినను నిలదీశాను.

"సిన్న పిల్లడి సంచీ ఎవుడు సూస్తాడనుకున్నానే. ఇప్పుడేటైపోనాది?" అంటూ నా చెంప మీదికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

మర్నాడు పొద్దున్న మార్సేయిలో దిగే ముందు, ఫలహారాల బల్ల దగ్గర, వదినకు వినపడేటట్టే నా పిల్లలిద్దరికీ చెప్పాను: "అత్త సాక్లెట్టిచ్చినా తినీకండి. తిన్నగా ఆ యూనిఫామోళ్ళ కాడికెళ్ళి, మా అత్తదని సూపించండి."