మబ్రూకమ్మకు మేకగిట్టలు

“గజ్జెలు కట్టడం నా తప్పే తమ్ముడూ. మా వేపు పూనకం వచ్చినోళ్ల కాళ్లకి గజ్జెలే కదా కడతారు? మా మేనత్తకి అలాగే కట్టేవోళ్లు. అవి ఘల్లుమంటే చాలు, అమ్మోరు నవ్వేది.”

అజ్మాన్‌లో మా బిల్డింగ్ కింద టీ కొట్టు దగ్గర కూర్చుని చెబుతోంది మాణిక్యం. రాజోలు వైపు మనిషి. పద్నాలుగేళ్లుగా ఒకే అరబ్బుల ఇంట్లో ఉంది. ఆ ఇంటి పెద్దావిడ మబ్రూకాను చూసుకోవడమే ఇప్పుడామె పని. సెలవు దొరికిన ఆదివారం ఇటొస్తుంది. నేను వింటాను.

మబ్రూకాకు ఏడాదికోసారి ఒళ్లూగుతుంది. వాళ్లు దాన్ని జార్ అంటారు. ఆవిడ అమ్మమ్మను చిన్నపిల్లప్పుడే ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ నుంచి పడవలో తెచ్చి ఇక్కడొక ముత్యాల వ్యాపారికి అమ్మేశారట. జార్ కూడా అదే పడవలో వచ్చిందని ఆ ఇంటి నమ్మకం.

“దానికి వీసా లేదు, పూచీ పడే కఫీల్ లేడు. అయినా వందేళ్ల నించీ ఇక్కడే ఉంది చూడు,” అని నవ్వింది మాణిక్యం. “ఒంటి మీదకి అదొచ్చిన రోజు మాత్రం యజమాని పెళ్లామే ఆ అమ్మమ్మకి కహ్వా కాఫీ పోసిచ్చేదంట. మా మేనత్తా అంతే. ఏడాదంతా కామందు ఇంట్లో చాకిరీ. జాతర రోజు కామందే వచ్చి కాళ్ల మీద పడేవోడు. ఎక్కడి జాంజిబారు, ఎక్కడి రాజోలు! ఇదెలా కుదిరిందంటావ్?”

“మబ్రూకాకి గజ్జెలు కట్టాక ఏమైంది?” అని అడిగాను.

“తెంపి గోడకేసి కొట్టింది. ‘ఖలాస్, ఖలాస్’, చాలు చాలని ఒకటే అరుపు. పారిపోతే తెలియాలని ఆ అమ్మమ్మ కాలికి గంట కట్టారంట తమ్ముడూ! పూనకం దిగాక ఆవిడే చెప్పింది. గురువారం నించీ నా చేతి ముద్ద ముట్టట్లేదు. ఖర్జూరం పెట్టినా తల తిప్పేసుకుంటంది. ఇంకెవరు పెట్టినా మొదట్నించీ తినదు.”

టీ చల్లారిపోతోంది. ఆమె తాగలేదు.

“మరి వాళ్లేం కడతారక్కా?”

“నడుముకి మేకగిట్టల పట్టా. ఊగితే ఎండాకుల్లో నడిచిన చప్పుడొస్తదంట. పాతదాన్ని పెద్దకొడుకు పారేశాడు, ఇయ్యన్నీ హరాం, మతానికి తప్పంటాడు. కొత్తది నేనే కుట్టి ఇస్తాను. సూదీ దారం ఉన్నాయి.”

నా చేతిలో ఖాళీ సంచీ పెట్టింది.

“ఆ మూల మటన్ కొట్టుకెళ్లు. నేనెళ్తే ఏ ఇంటిదాన్నో పోల్చేస్తాడు, కొడుక్కి చెప్తాడు. పాయా కోసమనుకుని ముక్కలు కొట్టేస్తాడేమో, కొట్టొద్దను. గిట్టలు విరగకూడదు. యల్లా, లే తమ్ముడూ.”