ఒళ్ళో చాట పెట్టుకున్న కంచుబొమ్మ

కాక పోయాడని నాకు మంగళవారం పొద్దున తెలిసింది. క్లినిక్‌లో ఒక పేషెంటుకి సెలైన్ ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది. కాకతో రూమ్‌లో ఉండే నిజామాబాద్ ఆయన. "సిస్టర్, కాక లేస్తలేడు" అన్నాడు. నేనేదో అడగబోయాను. "సల్లగున్నడు సిస్టర్" అని ఫోను పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. నేను సూదికి టేపు అంటించి, పేషెంటు చేయి సరిగ్గా పెట్టి, మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసుండడు. ఒమాన్‌లో, మబేలా అనే చోట ఒక వర్క్‌షాపులో ఇనుప గేట్లు, మెట్లకు రెయిలింగులు చేసే వెల్డరు. ఇరవై రెండేళ్ళు అదే పని. ఇక్కడ ఉన్నన్నాళ్ళలో ఒకే ఒక్క కంచుబొమ్మ చేశాడు. ఆ బొమ్మ గురించి, ఆయన గురించి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట ముంజేయి కాల్చుకుని మా క్లినిక్‌కి వచ్చాడు. నేను కట్టు కట్టేదాకా రెండో చేత్తో మైనపు ముద్ద పిసుకుతూనే ఉన్నాడు. ఏంటా అని చూస్తే చెవి. ఎదురు కుర్చీలో కూర్చున్న పఠాన్ చెవి, కాస్త తెగిన తమ్మెతో సహా. "బాబాయ్ గారూ, ఇదెక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాను. ఆయన నవ్వాడు.

"గారు, అండి అంటే నాకు బుగులైతది బిడ్డా. కాకా అను. మేం కంచరోల్లం. మా తాత గుడిగంటలు పోసేటోడు, మా నాయిన బిందెలకు మాట్లు ఏసేటోడు. నేను గేట్లు అతుకుతున్న."

కోనసీమ నుంచి వచ్చిన నాకు అప్పటిదాకా కాక అని పిలవడానికి ఎవరూ లేరు. కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడల్లా ఒక చెవి చేసి నా బల్ల మీద పెట్టి పోయేవాడు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"బిడ్డా, ఒకటి అడుగుత, తప్పుగా అనుకోకు. డ్యూటీ అయినంక నువ్వు స్టూలు మీద కూసుంటవు గద. అప్పుడు వీపు ఎట్ల వంగుతదో నేను జర సూడాలె."

నా మొహం చూసి జేబులోంచి ఫోటో తీశాడు. పెళ్ళిలో ఎవరో తీసిన గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ఒక ఆడమనిషి మొహం. ఆయన భార్య. జగిత్యాల దగ్గర పల్లెలో బీడీలు చుట్టేది. ఆవిడ పోయినప్పుడు కాక ఇక్కడే ఉన్నాడు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి ఉన్న రోజులవి. కాగితాలు చేతికొచ్చేసరికి ఊళ్ళో పదకొండో రోజు కూడా దాటిపోయింది.

"కండ్లు మూస్తే కూసున్నట్టు కనవడుతది. ఇదివరకు మంచిగ కనవడేది. ఇప్పుడు వీపు పోయింది. ఫోటోకు వీపుండదు కద బిడ్డా" అన్నాడు.

అలా నేను శుక్రవారాలు చర్చి అయ్యాక మబేలా వెళ్ళడం మొదలుపెట్టాను. ఇక్కడ వారం సెలవు ఆ రోజే, వర్క్‌షాపుకి కూడా. వెనక రేకుల షెడ్డు వాడుకొమ్మని అర్బాబ్, అంటే వర్క్‌షాపు యజమాని, తాళంచెవి కాకకే ఇచ్చాడు. పాత పంపు వాల్వులు, అరిగిన బుష్షులు, ఏ కంచు ముక్క దొరికినా ఏరి ఒక డ్రమ్ములో వేసుకొమ్మన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునేదాన్ని. కాక నా వెనకాల మైనం పని చేసేవాడు. ఆ ఎండకి మైనం కరిగించడానికి పొయ్యి అక్కర్లేదు, గోడ మీద పెడితే చాలు. పని మొదలుపెట్టే ముందు చేతులు రెండుసార్లు కడిగి, వేళ్ళు వాసన చూసుకునేవాడు. ఇనుము వాసన ఉంటే మళ్ళీ కడిగేవాడు. "మైనం మాటింటది, కంచు ఇనది. సెప్పేదేదో ఇప్పుడే సెప్పాలె" అనేవాడు. వారంలో ఆ కొన్ని గంటలే నన్నెవరూ సిస్టర్ అని పిలవని గంటలు.

బొమ్మ నెమ్మదిగా తయారైంది. నేల మీద కూర్చున్న ఆడమనిషి, ఒళ్ళో చాట, చాటలో తునికాకు, వేళ్ళ మధ్య సగం చుట్టిన బీడీ. అయిదేళ్ళ పిల్లంత ఎత్తు. నగల్లేవు, చీర మడతల్లేవు, ఒళ్ళంతా ఆయన బొటనవేలి నొక్కులే. పాదాలు మాత్రం మరీ పెద్దవి. ఎందుకంటే, "ఆమె నడిసినంత ఎవలు నడవలే" అన్నాడు.

మొహమే కుదరలేదు. ఫోటో గోడకి అంటించి చేసేవాడు, చెరిపేవాడు. చివరికి విసుగొచ్చి ఉన్నదాని చుట్టూ మట్టితో అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, కంచు పోత పోశాడు. మూడోరోజు మట్టి పగలగొడితే చేతులు, చాట, వీపు చక్కగా వచ్చాయి. కంచు మెడ దాకా వచ్చి ఆగిపోయింది. మొహం ఉండాల్సిన చోట బొక్క.

"వేరేగా పోసి అతికించొచ్చు కదా కాకా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

కాక నేల మీద కూలబడి, ఆ బొక్క అంచు వేలితో తడిమి చూశాడు. "అది ఆమె మొకం కాదు బిడ్డా. కంచుకే తెలిసినట్టుంది" అన్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఉన్న కూతురికి వీడియో కాల్ చేశాడు. ఆ అమ్మాయి కూడా బీడీలే చుడుతుంది. తండ్రిని చూడగానే తిన్నవా, మందులు ఏసుకుంటున్నవా అని మొదలుపెట్టింది. కాక అవేం వినిపించుకోలేదు.

"బిడ్డా, ఫోను కిటికీల పెట్టు. నువ్వు చాట ఒళ్ళె పెట్టుకొని పక్కకు తిరిగి కూసో. నన్ను సూడకు, నీ పని నువ్వు చేసుకో."

"ఎందుకు నాయినా?"

"కూసో సెప్త."

కూర్చుంది. ఆకు కత్తిరించింది, తంబాకు పోసింది, దారం చుడుతూ తల కాస్త కుడివైపుకి వాల్చింది. కాక చేతిలో మైనం ఆగిపోయింది. "అగో," అన్నాడు నాతో మెల్లగా, "ఆమె గట్లనే వంచుతుండె." ఆ పూటంతా కాక ఆ వంపునే మైనంలో దిద్దుతూ కూర్చున్నాడు. బీడీలు కట్టే చప్పుడు ఫోన్లో వినిపిస్తూ ఉంది. నేను చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మైనంలో బొమ్మంతా మళ్ళీ మొదట్నుంచీ చేసి, ఆ కంచునే కరిగించి పోశాడు. ఈసారి మొహం దాకా వచ్చింది.

గేటు చేయించుకోవడానికి వచ్చిన ఒక ఒమానీ డ్రాయింగ్ మాస్టారు బొమ్మను చూసి అల్ ఖౌద్‌లో ఒక ప్రదర్శనకి తీసుకెళ్ళాడు. కాక మడత చారలు పోని తెల్లచొక్కా వేసుకుని ఎదురు గోడ దగ్గర నిలబడ్డాడు. చేసినవాడు ఆయనేనని ఎవరూ అనుకోలేదు. ఒకాయన బాత్రూమ్ ఎటని అడిగాడు, కాక తీసుకెళ్ళి చూపించి వచ్చాడు. కాసేపటికి ఒక ఒమానీ ముసలావిడ వచ్చి బొమ్మ ముందు చతికిలబడింది. బొమ్మ భుజం మీద చెయ్యేసి "తాబానా" అంది. అలసిపోయింది అని. కాక ముందుకొచ్చి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన అరబ్బీలో "మదామ్ మాల్ అనా" అన్నాడు. నా భార్య అని. ఆవిడ ఆయన్ని తేరిపార చూసి, లేవడానికి చెయ్యి అడిగింది.

బయటికొచ్చాక నాతో, "నేను సెప్పనే లేదు గద, ఆమెకెట్ల తెలిసింది?" అని రెండుసార్లు అడిగాడు. కొంటామని వచ్చినవాళ్ళకి మాత్రం ఒకటే మాట: "ఆమె ఇంటికి పోతది."

చలికాలంలో కంపెనీకి రాజీనామా ఇచ్చి, బొమ్మతో పాటు ఊరికి వెళ్ళిపోవాలనుకున్నాడు. ఆఖరి శుక్రవారం బొమ్మకి మెరుగు పెడుతూ ఎడమ భుజం గుంజుతోందన్నాడు. "రేపొద్దున క్లినిక్‌కి రా కాకా, ఈసీజీ తీద్దాం" అన్నాను. "వచ్చే శుక్రారం దాకా ఆగు, పాదాలొక్కటే మిగిలినయి" అన్నాడు. సరే అన్నాను. నేను నర్సుని. పాతికేళ్ళుగా భుజం నొప్పి అన్న ప్రతి మనిషినీ చెయ్యి పట్టుకుని మంచం ఎక్కించినదాన్ని. ఆ రోజు ఆయన ముచ్చట చూసి సరే అన్నాను. ఈ మాట ఆయన కూతురికి చెప్పాను. "నువ్వు ఎంత సెప్పినా వచ్చేటోడు కాదు అక్కా, ఆయన ఎవల మాట ఇన్నడు?" అంది. ఆమె మంచితనం అది.

కాకని విమానంలో పంపించాం. బొమ్మని కూడా పంపమని కూతురు అడిగింది. పోయిన శుక్రవారం దానికి చెక్కపెట్టె కట్టించడానికి అల్ మవాలేలో కార్గో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. ఇద్దరు బెంగాలీలు, ఒక పఠాన్, ఆ నిజామాబాద్ ఆయన, వర్క్‌షాపు వాళ్ళు నలుగురూ కలిసి ఎత్తి పికప్‌లో కూర్చోబెట్టారు. ఎవరో తన దుప్పటి తెచ్చి భుజాల చుట్టూ కప్పారు. అర్బాబ్ తనే తాడు కట్టి, గట్టిగా ఉందా అని లాగి చూశాడు.

బండి కదిలింది. ఆమెని మావైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు. మలుపు దాకా మేమందరం రోడ్డు మీద నిలబడి చూశాం. గాలికి దుప్పటి జారింది. ఆమె తలెత్తలేదు. తల కాస్త కుడివైపుకి వాల్చి, ఒళ్ళో చాటలోకి చూసుకుంటూ, తన పని తాను చేసుకుంటూ వెళ్ళిపోయింది.