రెండో గొంతు

కుస్తోద్ క్వాద్రోస్ పోయి కిందటి వానలకి ఏడాది దాటింది. అతని చావు వార్త పేపర్లో ఒక మూల, ఫర్నిచర్ ప్రకటన కింద, కనపడీ కనపడకుండా వచ్చింది. పేరు, వయసు, అంత్యక్రియల వేళ. అంతే. మా ఊళ్లో ఎవరు పోయినా ఆ వార్త రాసి పంపింది అతనే. అతను పోయినప్పుడు రాయడానికి అలాంటి మనిషి మిగల్లేదు. మాకు పేపరు చావుల పేజీ నుంచి చదవడం అలవాటు. ఆ రోజు దాన్ని దాటి రెండో పేజీకి పోలేకపోయాను.

కుర్రతనంలో అతను ఓడలో వంటవాడు. సరుకు గది మూత కాలి మీద పడి, ఆ కాలు ఈడ్చుకుపోయింది. ఊరికి తిరిగొచ్చి, సైకిలెక్కి, పంజింలో అచ్చయ్యే ఒక పేపరుకి ఊరి విలేఖరి అయ్యాడు. చర్చి పండగకి ఈ ఏడు పెద్ద ఎవరు, ఫుట్‌బాల్ ఆటలో రెఫరీని ఎవరు కొట్టారు, ఏ వాడలో బావి ఎండిపోయింది, ఇవీ అతని వార్తలు. చేత్తో రాసి, కవరులో పెట్టి, పొద్దున్నే మొదటి బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. మర్నాడు ఆ వార్త ఊరికి తిరిగొచ్చేది. సాంతాన్ సారా దుకాణంలో దానిమీద మళ్లీ విచారణ జరిగేది.

"రెఫరీని కొట్టారని రాశావు. తోశారు కానీ కొట్టలేదు. నేను చూశా," అనేవాడు పాస్కు. దేనిమీదైనా వాదించడం అతని పని.

"పళ్లు రెండూడాయి పాస్కు బాబ్. తోస్తే ఊడతాయా?" అనేవాడు సాంతాన్.

"వాడివి ముందునుంచీ కదులుతున్న పళ్లు!"

కుస్తోద్ నవ్వేవాడు కాదు, వాదించేవాడూ కాదు. గ్రామసభలో కూడా వెనక బెంచీలో కూర్చుని వినేవాడే. లేచి మాట్లాడితే తనూ ఒక పక్షమైపోతానని అతని నమ్మకం.

అతను గొంతు విప్పగా విన్నది లదయ్న్ పాటల్లోనే. మా వీధి శిలువల దగ్గర, ఇళ్లల్లో మాత పీఠాల ముందు సాయంత్రం పూట పాడే ప్రార్థన అది. రెండు గొంతుల మీద నడుస్తుంది. మొదటి గొంతు దారి చూపుతుంది, రెండోది దాని కిందుగా నడుస్తూ బరువు మోస్తుంది. మొదటిది కుస్తోద్‌ది. రెండోది ఎర్కులాన్‌ది. ఇద్దరూ ఒకే బడి, ఒకే ఓడ. కుస్తోద్ కూతురు ఒలిండాకి జ్ఞానస్నానమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఎర్కులానే. అప్పట్నుంచి ఒకరికొకరు కుంపార్‌లు. మా దగ్గర ఆ చుట్టరికం రక్తం కన్నా గట్టిది. అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, కుంపార్‌లు ఎక్కరు. వాళ్లిద్దరూ పాడుతుంటే వాకిట్లో కూర్చున్న ముసలమ్మలు జపమాల తిప్పడం ఆపేసి వినేవారు. పాట అయ్యాక ఉడకబెట్టిన శనగలు, తలా కాస్త ఫెనీ సారా. ఎర్కులాన్ గ్లాసులో సగం కుస్తోద్ గ్లాసులోకి వంచేవాడు. "మొదటి గొంతుకి తడి ఎక్కువ కావాలి," అనేవాడు.

ఒక ఏడు తూము దగ్గర చేపలు పట్టుకునే హక్కు వేలంలో ఎర్కులాన్‌కి వచ్చింది. మా పొలాలు నది కన్నా పల్లంలో ఉంటాయి. మధ్యలో మట్టిగట్టు, గట్టులో తూము. పోటు వచ్చినప్పుడు నీళ్ల తోపుకి తూము తలుపు తనంతట తనే మూసుకుంటుంది, ఆటుకి తెరుచుకుంటుంది. దాన్ని పోటులో తెరిచి కడితే నీళ్లతో పాటు రొయ్యలు బోలెడు లోపలికొస్తాయి. ఉప్పూ వస్తుంది. గట్టుమీద తాకిడి ఎక్కువవుతుంది. కౌలుదార్లందరికీ తెలిసిన దొంగతనమే ఇది. ఒక పోటుకి ఎవరూ ఏమీ అనరు.

ఒక సాయంత్రం కుస్తోద్ గట్టుమీద వస్తూ చూశాడు. ఎర్కులాన్ నడుముకి లుంగీ బిగించి, నైలాన్ తాడుతో తలుపుని వెనక్కి లాగి రాయికి కడుతున్నాడు.

"ఏంటి కుంపార్, అమావాస్య దగ్గరపడింది. పోటు పెద్దది."

"పండగ కూడా దగ్గరపడింది. రెండు పోట్లు చూసి విప్పేస్తాలే. నీకూ ఒక గంప రొయ్యలు."

విప్పలేదు. అమావాస్య పోటుకి గట్టు తెగింది. తెల్లారేసరికి వరి మొత్తం ఉప్పునీళ్ల కింద ఉంది. మడవ చేపలు ఎగిరిపడుతున్నాయి వరి వెన్నుల మధ్య. ఆ పొలాలు తేరుకోవడానికి మూడు వానలు పట్టాయి.

కుస్తోద్ వార్త రాశాడు. ఎకరాలు రాశాడు, రైతుల గోడు రాశాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి, "ఎవరో తెరిచి కట్టినట్టు అనుమానం" అని రాసి కవరు మూశాడు. కుంపార్ పేరు ఆ చేత్తో రాయలేకపోయాడు.

పేపర్లో "ఎవరో" అని వస్తే ఊరు ఊరుకోదు. సాయంత్రానికే సాంతాన్ దుకాణంలో ఆ ఎవరోకి మొహం తయారైంది.

"తలుపు దగ్గర కాపలా ఎవడు? ఇనాస్ గావ్డి. తాగి పడుకుని ఉంటాడు," అన్నాడు పాస్కు.

"పడుకోడమేంటి, రొయ్యల కోసం వాడే కట్టుంటాడు. పేపర్లో రాశారుగా, ఎవరో కట్టారని!"

"నువ్వే రాశావుగా కుస్తోద్. ఇనాసేనా?"

కుస్తోద్ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. దాన్ని కూడా వాళ్లు అవునన్నట్టే తీసుకున్నారు.

ఇనాస్‌కి డెబ్భై దాటాయి. గట్టుమీది గుడిసెలో ఒక్కడే ఉండేవాడు. అతని తండ్రీ ఆ తూము కాపలాదారే. ఆదివారం పూజ తర్వాత గ్రామసభ పెట్టి అతన్ని తీసేసి, గుడిసె ఖాళీ చేయించాలని రైతుల సంఘం నిర్ణయించింది. ఆ మాట విన్న రోజు నుంచి ముసలాయన పొయ్యి వెలిగించలేదట. గుడిసె ముందు కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉన్నాడట.

శనివారం కుస్తోద్ ఎర్కులాన్ ఇంటికెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లకి, కుస్తోద్ భార్య ఎఫ్రోజిన్ ఆ మాటలు నాకు చెప్పింది.

"రేపు సభలో నువ్వే చెప్పు కుంపార్. నీ నోటితో చెబితే తప్పు సగమైపోతుంది."

"చెబితే కౌలు పోతుంది. జరిమానా నా ఇల్లు మింగుతుంది. ఇనాస్‌కి ఏం పోతుంది? ఒక గుడిసె. నేను వేరే చోట వేయిస్తా."

"అతనికి పేరు పోతుంది."

"వచ్చే నెల ఒలిండా పెళ్లి. దాని జ్ఞానతండ్రిని నేను. పేపర్లో నా పేరేసి, ఆ పిల్ల తలమీద రోస్ పాలు ఎవరిచేత పోయిస్తావు?"



ఆదివారం పంచాయతీ హాలు నిండిపోయింది. నేనూ వెళ్లాను. ఇనాస్‌ని ముందు నిలబెట్టారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, బొత్తాలు తప్పు కన్నాల్లో పెట్టుకుని.

"నేను కట్టలేదు బాబ్. తలుపు కట్టడం మా నాన్న నాకు నేర్పలేదు," అన్నాడు.

ఎవరో నవ్వారు. "మరి దెయ్యం కట్టిందా?"

ఎర్కులాన్ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. సర్పంచ్ తీర్మానం చదవబోతుంటే వెనక బెంచీ చప్పుడైంది. ఎప్పుడూ లేవని మనిషి ఈడ్చుకాలు సర్దుకుంటూ లేచాడు.

"ఎవరో అని రాసింది నేను. ఆ ఎవరో ఎవరో నాకు రాసేటప్పుడే తెలుసు. తలుపు కట్టింది ఎర్కులాన్. నా కళ్లారా చూశాను. పేరు దాచింది నేనే. రేపు పొద్దున బస్సుకి పేరుతో పంపుతున్నాను."

ఎర్కులాన్ నిదానంగా లేచి, టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒలిండాకి నేను జ్ఞానతండ్రిని. ఆ పని చేసే పోతాను. నీతో మాత్రం నాకింక మాట లేదు."

మంగళవారం వార్త వచ్చింది. పేరుతో. కౌలు రద్దయింది, జరిమానా పడింది. ఇనాస్ గుడిసె నిలిచింది. అయితే ఇనాస్ కృతజ్ఞతలు చెప్పలేదు. "మొదటిరోజే రాసుంటే, బాబ్, నన్ను అక్కడ నిలబెట్టేవాళ్లు కాదుగా," అన్నాడట. కుస్తోద్ తల వంచుకుని విన్నాడట. ఊళ్లో సగంమంది అతన్ని తప్పుపట్టారు. "సొంత కుంపార్‌ని పేపరుకెక్కించాడు, రేపు మనల్ని ఎక్కించడా?" అని. కొన్నాళ్లు ఎవరూ అతనికి వార్త చెప్పలేదు. చావులు మాత్రం చెప్పేవారు. అవి దాగవు కదా.

పెళ్లికి ముందురోజు రోస్. పిల్లని పీటమీద కూర్చోబెట్టి కొబ్బరిపాలు పోసే వేడుక. దానికి ముందు లదయ్న్. ఎర్కులాన్ వచ్చాడు. కొత్త కోటులో వచ్చి గుమ్మం పక్కనే నిలబడ్డాడు. కుస్తోద్ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం మొత్తం ఒంటరిగా నడిచింది. రెండో గొంతు రావలసిన చోట అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. ఎర్కులాన్ పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. కుస్తోద్ ఆ చోటు ఖాళీగా వదిలి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి చరణానికి వెళ్లాడు. అలా చివరిదాకా. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

పాట అయ్యాక ఎర్కులాన్ పిల్ల దగ్గరికెళ్లి, చిప్పతో కొబ్బరిపాలు ఆమె తలమీద పోశాడు. "చల్లగా ఉండు తల్లీ," అన్నాడు. శనగలు తినలేదు. గ్లాసు ముట్టలేదు.

రాత్రికి ఒలిండా తండ్రిని అడిగిందని ఎఫ్రోజిన్ చెప్పింది. "పేరు రాయకుండా ఉండలేకపోయావా పప్పా?"

"ఉన్నాను కదమ్మా ఒకసారి. ఆ పేరు పోయి ముసలాయన మీద కూర్చుంది."

ఆ తర్వాత కుస్తోద్ ఊరంతా ఒంటరిగానే పాడాడు. ఎవరెవరో రెండో గొంతు కలుపుతామన్నారు. వద్దన్నాడు. వాళ్లిద్దరూ ఒకే చర్చికి, వేర్వేరు తలుపుల్లోంచి వెళ్లేవారు. అలా పద్నాలుగేళ్లు.

ఎర్కులాన్ గుండెపోటుతో పోయాడు. చావు వార్త కుస్తోదే రాశాడు. పెద్దగా, ఓడ పేర్లతో సహా. తూము సంగతి అందులో లేదు. అది ఒకసారి రాసేశాడు. ఏడో రోజు ఎర్కులాన్ ఇంట్లో లదయ్న్. అతని భార్య కబురు పంపింది, వచ్చి పాడమని.

కుస్తోద్ పీఠం ముందు నిలబడ్డాడు. మేమంతా మొదటి గొంతు కోసం ఎదురుచూశాం. అతను కిందిస్థాయిలో మొదలుపెట్టాడు. మాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అతను పాడుతున్నది రెండో గొంతు. ఎర్కులాన్‌ది. పై దారి ఖాళీగా ఉంది, కింద బరువు మోసేది మాత్రమే నడుస్తోంది.

గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని కూర్చున్న ఇనాస్ ముందుగా ఆ పై గొంతు అందుకున్నాడు, వణికే గొంతుతో. తర్వాత ఎర్కులాన్ భార్య. తర్వాత మేమందరం.